వడమాలపేట ఏ జిల్లా?

వడమాలపేట మండలం 2022 ఏప్రిల్ 3 దాకా చిత్తూరు జిల్లా. తెల్లారేసరికి తిరుపతి జిల్లా. అసెంబ్లీకి మాత్రం నగరి, పార్లమెంటుకు చిత్తూరు. ఇక్కడి జనానికి ఇందులో తికమకేమీ లేదు, ఏ పనికి ఎక్కడికి పోవాలో వాళ్లకు తెలుసు. తికమకంతా దీన్ని కంప్యూటరుకు చెప్పబోయేవాళ్లకే.

నేను జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో మోడల్ క్లాసులు, అంటే డేటాబేస్ టేబుళ్లకు రూపమిచ్చే క్లాసులు, రాస్తుంటాను. కొత్తగా చేరిన పిల్లలకు ఫారిన్ కీ (ఒక టేబుల్ వరుస నుంచి మరో టేబుల్ వరుసను చూపే నంబరు) చెప్పాల్సి వస్తే పుస్తకాల్లోని కస్టమర్, ఆర్డర్ వదిలేసి ఈ మండలాన్నే తీసుకుంటాను. గ్రామానికి మండలం కీ, మండలానికి జిల్లా కీ. జిల్లా ఒకటి, మండలాలు చాలా. కాబట్టి కీ మండలం వైపే ఉండాలి. క్లాసులో మనం ‘డిస్ట్రిక్ట్’ అని ఒక్క లైను రాస్తే, టేబుల్లో ‘డిస్ట్రిక్ట్ ఐడీ’ అనే కాలమ్ పెట్టి, దానికి ఇండెక్స్ కూడా జాంగోనే వేస్తుంది. రిలేటెడ్ నేమ్ ఇవ్వలేదంటే జిల్లా నుంచి మండలాలను ‘మండల్ సెట్’ అని అడగాలి. అది నాకు నచ్చదు, ‘మండల్స్’ అని పెట్టేస్తాను.

ఇలా రాసుకున్నవాళ్లకు ఆ ఏప్రిల్ 4న వడమాలపేట వరుసలో ఒక్క నంబరు మారితే సరిపోయింది. అందులోని పూడి, అప్పలాయగుంట గ్రామాల వరుసల జోలికే పోనక్కర్లేదు. ప్రతి గ్రామం పక్కనా ‘చిత్తూరు’ అని అక్షరాలా రాసిపెట్టుకుంటే మాత్రం వరుస వరుసా దిద్దుకోవాల్సిందే.

అసలు చిక్కు నియోజకవర్గంతో. దానికీ జిల్లా కీ ఒకటి తగిలించాలని చెయ్యి లాగుతుంది. 2022కు ముందు నగరి విషయంలో అది ఏ ఎర్రరూ లేకుండా నడిచేది కూడా. ఇప్పుడు చూడండి: నగరి నియోజకవర్గం మండలాల్లో పుత్తూరు, వడమాలపేట తిరుపతి జిల్లాలోకి వచ్చాయి, నగరి, నిండ్ర, విజయపురం చిత్తూరులోనే ఉండిపోయాయి. నియోజకవర్గం జిల్లాకు లోబడి ఉండదు, అది వేరే కొలత. పోనీ, మండలానికే రెండు కీలు ఇద్దామా? నెల్లూరు మండలం నెల్లూరు సిటీ, నెల్లూరు రూరల్ అసెంబ్లీ సీట్ల మధ్య చీలింది. కాబట్టి నియోజకవర్గం కీ గ్రామం, వార్డు దగ్గర పెట్టడమే మేలు.

ఇక ఆన్ డిలీట్, అంటే పై వరుసను చెరిపితే దాన్ని చూపే వరుసలను ఏం చేయాలో కీ దగ్గర చెప్పే మాట. 2017 చివర్లో వచ్చిన జాంగో 2.0 నుంచి ఇది రాయక తప్పదు. అంతకుముందు ఏమీ రాయకపోతే కాస్కేడ్ అనుకునేది: ఒక జిల్లా వరుసను చెరిపితే దాని మండలాలు, వాటి గ్రామాలు అన్నీ గల్లంతు. ఇలాంటి టేబుళ్లకు నేను కళ్లు మూసుకుని ప్రొటెక్ట్ రాస్తాను. కింద ఒక్క మండలం ఉన్నా జిల్లాను చెరపనివ్వదు.

అయినా ఒకటి మిగిలింది. 2019 నాటి భూమి దస్తావేజును ఇప్పుడు ప్రింటు తీస్తే అందులో చిత్తూరు జిల్లా అనే ఉండాలి. మండలంలో జిల్లా కీ ఒక్కటే ఉంటే తిరుపతి అని వస్తుంది. అందుకు మండలానికీ జిల్లాకీ నడుమ మరో క్లాసు పెట్టి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని రెండు తేదీలు రాసుకోవాలి. దాంతో ప్రతి క్వెరీకీ ఒక జాయిన్, ఒక తేదీ షరతు అదనం. స్కూలు ఫీజుల యాప్‌కు ఇంత అవసరం లేదు. రిజిస్ట్రేషన్ల పని అయితే మొదటి రోజే పెట్టమంటాను.