మెతుకుసీమ చేపల పులుసు

చేపల వంట అనగానే మన పత్రికలన్నీ కోస్తా వైపే చూస్తాయి. గోదావరి పులస గురించి, నెల్లూరు పులుసు గురించి పేజీలకు పేజీలు వస్తాయి. సముద్రం ఛాయ కూడా సోకని మెతుకుసీమలో, అంటే మెదక్ పల్లెల్లో చెరువు చేపను వండే తీరు మాత్రం ఆ ఇళ్ల గడప దాటి బయటికి రాదు. అది కోస్తా వంటకు నకలు కాదు. ఈ నేలకు, ఈ నీళ్లకు తగ్గట్టు ఇక్కడి ఆడవాళ్లు పెంచి పోషించిన విద్య.

ఉదాహరణకు హవేలిఘనపూర్ మెదక్ పట్నాన్ని ఆనుకుని ఉంటుంది. 2016లో మండల కేంద్రమైంది. నిజాం కాలంలో 1916–1922 మధ్య కట్టిన పోచారం ప్రాజెక్టు ఇటువైపు ఉంటే, అంతకుముందే 1905లో మంజీరపై కట్టిన ఘనపూర్ ఆనకట్ట అటువైపు ఉంది. వీటి కాలువలూ ఊరూరా ఉన్న కుంటలూ చెరువులూ వరికి నీళ్లిచ్చినట్టే ఇంటికి చేపనూ ఇచ్చాయి. వానాకాలంలో చెరువు నిండి మత్తడి దుంకితే చేపలు నీటికి ఎదురెక్కుతాయి. వాటి దారి తెలిసినవాళ్లు మావులు పెడతారు, విసురు వలలు వేస్తారు. తరతరాలుగా ఈ పని చేస్తున్న గంగపుత్రులు, ముదిరాజులు నీటి రంగు చూసి చేప జాడ చెప్పగలరు.

వంటలో మొదటి పని చేపను గుర్తుపట్టడమే. రవ్వ, బొచ్చె వంటివి నిలవ నీటిలో గుడ్లు పెట్టి పెరగవు. అందుకే ఏటా వానాకాలంలో చెరువుల్లో చేపపిల్లలను వదలాలి. కొర్రమీను సంగతి వేరు. చెరువులోనే గుడ్లు పెడుతుంది, ఎర్రటి పిల్లల గుంపుకు కాపలా కాస్తుంది. నీటిపైకి వచ్చి గాలి పీలుస్తుంది కాబట్టి నీళ్లు తగ్గి బురద మిగిలినా బతుకుతుంది. సంతలో తొట్టిలో ఈదుతుండగానే ఇది అమ్ముడుపోతుంది. ఐసు లేని రోజుల్లో సముద్రానికి ఇంత దూరాన తాజా చేప దొరకడానికి ఈ గుణం ఆసరా అయింది. తెలంగాణ దీన్ని రాష్ట్ర చేపగా ఎంచుకోవడం సబబే.

చెరువు చేపకు ఒక చిక్కుంది, బురద వాసన. నీటిలోని నాచు, మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం వల్ల అది వస్తుంది. పులుపు తగిలితే ఆ పదార్థం విరిగిపోతుందని శాస్త్రం చెబుతుంది. శాస్త్రం చెప్పకముందే మన వంటింట్లో దీనికి మందు ఉంది. జారే కొర్రమీనును బూడిద పట్టించి, గరుకు రాయి మీద రుద్ది పొలుసు తీస్తారు. రాళ్ల ఉప్పు, పసుపు వేసి నీళ్లు తేటపడేదాకా కడుగుతారు. బొటనవేలి మందాన ముక్కలు కోసి ఉప్పు, పసుపు, కారం పట్టించి కాసేపు పక్కన పెడతారు. ఆపైన చిక్కటి చింతపండు రసం మిగిలిన పని చేస్తుంది.

మసాలాలోనూ ఈ ప్రాంతపు ముద్ర ఉంది. ధనియాలు, కొద్దిగా మెంతులు, నువ్వులు, ఎండుకొబ్బరి కుడుక దోరగా వేయించి నూరుతారు. ఉల్లిగడ్డను నిప్పుల మీద కాల్చి, పైపొర నల్లబడ్డాక రోట్లో వేసి దంచుతారు. ఆ కాలిన తీపి పులుపుతో ఒదిగిపోతుంది. మట్టికుండలో నూనె కాగాక మెంతులు, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి, నూరిన ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేయిస్తారు. చింతపండు రసం పోసి, నూనె పైకి తేలేదాకా మరిగించాకే ముక్కలు జారవిడుస్తారు. ఇక అక్కడి నుంచి గంటె పెట్టకూడదు. గుడ్డతో కుండ అంచులు పట్టుకుని మెల్లగా తిప్పాలి. ముక్క చెదరదు, పులుసు అంతటా అందుతుంది. మంట ఆర్పినా కుండలోని వేడి చాలాసేపు పనిచేస్తూనే ఉంటుంది. రాత్రి వండిన పులుసు తెల్లారి జొన్నరొట్టెతో ఇంకా రుచిగా ఉండేది అందుకే. రాత్రంతా ఉప్పు, కారం, పులుపు ముక్కలోకి దిగుతాయి.

మట్టిపాత్రలో, గంటె పెట్టకుండా వండాలనే ఇదే నియమం పదమూడు వేల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న బ్రెజిల్ ద్వీప నగరం విటోరియాలోనూ కనిపిస్తుంది. అక్కడి మొకేకా అనే చేప వంటలో టమాటా, ఉల్లి, కొత్తిమీర, నిమ్మరసంతో పాటు ఎరుపు కోసం మనం జాఫ్రా అనే గింజల రంగు వేస్తారు. నీళ్లు పోయరు, ముక్కను తిప్పరు, మట్టిపాత్రలోనే వండుతారు. గోయబేరాస్ అనే పేటలోని స్త్రీలు ఆ పాత్రలను చక్రం లేకుండా చేత్తో చేసి, ఆరుబయట కాల్చి, వేడి మీద ఉండగానే మడచెట్టు బెరడు రసం చిలకరించి నల్లబరుస్తారు. బ్రెజిల్ ప్రభుత్వం 2002లో తన సంప్రదాయ విద్యల జాబితాలో మొట్టమొదట చేర్చింది ఈ కుండల తయారీనే. చేసే చేతులకు పేరు, పాత్రకు గిరాకీ, వంటకు గౌరవం కలిసే వచ్చాయి.

మన దగ్గర మృగశిర కార్తె నాడు చేపల బజార్లు కిటకిటలాడతాయి. ఆ ఒక్కరోజు సందడి వంటవిద్యను కాపాడలేదు. స్టీలు గిన్నె, పాకెట్ మసాలా వచ్చాక కాల్చిన ఉల్లి, తిప్పే కుండ చాలా ఇళ్లలో పోయాయి. మెదక్ పల్లెల్లో పెద్దవాళ్లు చేసే తీరును ఇంటింటా అడిగి రాసుకోవాలి. కుమ్మరి చేసిన కుండను కొనాలి. పెళ్లి విందుల్లో, హోటళ్లలో చెరువు చేపల పులుసును దాని పేరుతోనే వడ్డించాలి. చెరువులో మురుగు కలవకుండా చూడటం కూడా ఈ వంటలో భాగమే, ఎందుకంటే పులుసు రుచి చెరువు నీటి దగ్గరే మొదలవుతుంది.