చుక్కల మధ్య గీతలు: రాత్రి ఆకాశపు టైమ్‌ల్యాప్స్‌ను శుభ్రం చేసే పద్ధతి

రాత్రి ఆకాశాన్ని గంటల తరబడి ఫొటోలు తీసి, వాటిని వరుసగా నడిపిస్తే చుక్కలు తూర్పున పొడిచి పడమట కుంగడం కొన్ని సెకన్లలోనే కళ్లకు కడుతుంది. ఇదే టైమ్‌ల్యాప్స్. ఒక్కో ఫొటోకు కెమెరా కన్ను ఇరవై సెకన్లకు పైగా తెరిచే ఉంటుంది. ఆలోగా ఎదురుగా ఏది కదిలినా అందులో పడుతుంది: విమానం, ఉపగ్రహం, లారీ హెడ్‌లైటు, మిణుగురు, రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి పొలానికి పోయే రైతు చేతిలోని టార్చి. వీటిని తీసేసి, ఆ చోట నిజంగా ఉన్న ఆకాశాన్ని తిరిగి నిలపడమే ఈ పని.

హోసూరు, కృష్ణగిరి సీమ ఇలాంటి చిత్రాలకు ఎంత అనువైనదో అంత కష్టమైనది కూడా. కృష్ణగిరి కోట, రాయకోట వంటి బండరాతి కొండలు చిత్రానికి అందమైన ముందుభాగాన్నిస్తాయి. తళి, డెంకణికోట దాటి అంచెట్టి అడవుల వైపు పోయేకొద్దీ చీకటి చిక్కబడుతుంది. కానీ వాయవ్యాన హోసూరు పరిశ్రమల దీపాలు, వాటి వెనక బెంగళూరు వెలుగు దిగంతాన్ని పసుపురంగులో ముంచుతాయి. బెంగళూరు నుంచి వచ్చే జాతీయ రహదారి కృష్ణగిరి దగ్గరే చెన్నైకీ సేలానికీ చీలుతుంది కాబట్టి రాత్రంతా వాహనాల వెలుగు ఏదో ఒక బండమీద పడుతూనే ఉంటుంది. పైన బెంగళూరు, చెన్నై విమానాల రాకపోకలు సరేసరి.

తుడవడానికి ముందు గుర్తుపట్టాలి. విమానం గీత చుక్కలు చుక్కలుగా ఉంటుంది. దాని దీపం సెకనుకు దాదాపు ఒకసారి మిణుకుతుంది కనుక ఇరవై సెకన్ల ఫ్రేములో ఇరవై దాకా తెల్లని బొట్లు, పక్కనే ఎరుపు, పచ్చ చారలు కనిపిస్తాయి. ఉపగ్రహం గీత సన్నగా, తెగకుండా ఉండి, తరువాతి ఫ్రేములోనూ అదే దారిలో కొనసాగుతుంది. ఉల్క ఒకే ఒక్క ఫ్రేములో ఉంటుంది. రెండు కొసలూ సన్నబడి నడుమ లావెక్కి, తరచు పచ్చగా మొదలై ఎర్రగా ముగుస్తుంది. డిసెంబరు 13, 14 రాత్రుల్లో మిథున రాశి ఉల్కలు రాలేటప్పుడు తీసిన చిత్రంలో ఈ తేడా తెలియకుండా చెరపడం మొదలుపెడితే, దేనికోసం రాత్రంతా మేలుకున్నారో అదే పోతుంది.

ఉపగ్రహాల బాధ ఏ వేళ ఎంత ఉంటుందో ముందే లెక్కగట్టవచ్చు. 2019 మేలో స్టార్‌లింక్ తొలి గుంపు ఎగిరినప్పటినుంచి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగేవి వేలల్లోకి పెరిగాయి. ఉపగ్రహానికి సొంత వెలుగు లేదు, సూర్యకాంతి తగిలితేనే కనిపిస్తుంది. ఆ ఎత్తున నడినెత్తిన ఉన్న ఉపగ్రహం, సూర్యుడు దిగంతానికి 23 డిగ్రీల కిందికి దిగగానే భూమి నీడలోకి జారుకుంటుంది. కృష్ణగిరి అక్షాంశం పన్నెండున్నర డిగ్రీలే. ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు కాబట్టి పొద్దుగుంకిన గంటన్నరకే ఆ స్థితి వస్తుంది. నడిరేయికి, ఏ కాలంలోనైనా, ఆ ఎత్తులోని ఉపగ్రహాలన్నీ నీడలోనే ఉంటాయి. లండన్‌లో జూన్ రాత్రి సూర్యుడు పదిహేను డిగ్రీలకు మించి దిగడు కనుక అక్కడివాళ్లకు తెల్లవార్లూ ఈ గీతలే. మన దగ్గర రాత్రి పదింటికి మొదలుపెట్టి మూడున్నరకు ముగిస్తే సగం శుభ్రం కెమెరా దగ్గరే అయిపోతుంది.

నిజమైన వెలుగునూ దొంగ వెలుగునూ వేరుచేయడం కంప్యూటర్లతో మొదలైన విద్య కాదు. హైదరాబాద్‌లోని నిజామియా వేధశాల పాలుపంచుకున్న అంతర్జాతీయ ఆకాశ పట ప్రణాళికలో, పటాల కోసం ఒక్కో గాజుప్లేటు మీద మూడుసార్లు ఎక్స్‌పోజరు ఇచ్చేవారు. ప్రతిసారీ ప్లేటును కాస్త జరపడంతో ఒక్కో నక్షత్రం మూడు బిందువుల చిన్న త్రిభుజంగా పడేది. ధూళి కణమో, ప్లేటు పూతలోని లోపమో అయితే ఒంటి బిందువే. నిజామియా 1946 నాటికి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలతో 12 సంపుటాలు వెలువరించింది. ఒకటికి మూడుసార్లు చూసినచోట ఉన్నదే నమ్మాలన్న ఆ సూత్రం మీదే నేటి సాఫ్ట్‌వేర్లూ నడుస్తాయి.

ఆ సూత్రానికి ఇప్పటి రూపం మధ్యగతం. ఒకే చోటి పిక్సెలు వెలుగు వరుసగా ఐదు ఫ్రేముల్లో 41, 39, 236, 40, 42 అని ఉందనుకుందాం. మూడో ఫ్రేములో విమానం అడ్డొచ్చింది. సగటు తీస్తే దాదాపు 80 వస్తుంది, గీత పలచబడుతుందే గాని పోదు. అదే విలువలను చిన్నది మొదలు పెద్దదాకా పేర్చి నడిమిదాన్ని తీసుకుంటే 41. విమానం ఆనవాలే ఉండదు. అక్కడ నిలిచిన 41 ఎవరో ఊహించి పెట్టిన విలువ కాదు, ఆకాశం నుంచి వచ్చిందే. ఈ పద్ధతి విలువంతా అక్కడే ఉంది.

అయితే చుక్కలు నిలిచి ఉండవు. 24 మిల్లీమీటర్ల లెన్సు, 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, ఇరవై ఐదు సెకన్లకో ఫొటో అనుకుంటే, ఖగోళ మధ్యరేఖ దగ్గరి చుక్క ఫ్రేముకు సుమారు ఏడు పిక్సెళ్లు జరుగుతుంది. ఉత్తరాన పన్నెండున్నర డిగ్రీల ఎత్తులోనే ఉండే ధ్రువ నక్షత్రం దాదాపు కదలదు. ఉన్నవున్నట్టుగా మధ్యగతం తీస్తే విమానంతో పాటు గొల్లకావడి చుక్కలూ మాయమవుతాయి. అందుకే ముందు ఇటు రెండు, అటు రెండు ఫ్రేములను చుక్కలకు చుక్కలు కలిసేలా తిప్పి పరిచి, మధ్యగతం తీసి, ఆ ఫలితాన్ని నడిమి ఫ్రేము స్థానంలో పెడతారు. సిరిల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు చుక్కలను అవే గుర్తించి సర్దుతాయి. ఇలా సర్దినప్పుడు కొండలూ చెట్లూ అలుక్కుపోతాయి కాబట్టి నేలభాగాన్ని మాస్కుతో విడదీసి, దానికి తిప్పని ఫ్రేముల మధ్యగతం వాడతారు. రహదారి హెడ్‌లైట్లకు కోట గోడ మీద ఎగిసిపడే వెలుగు దీంతోనే అణుగుతుంది. మాస్కు అంచు దగ్గర, ముఖ్యంగా చింతచెట్టు కొమ్మల్లో, ఎంత ఓపిక పడితే చిత్రం అంత నమ్మదగ్గదవుతుంది.

ఈ సర్దుబాటుతో మరో మేలు కూడా ఉంది. సెన్సరు వేడెక్కితే కొన్ని పిక్సెళ్లు ఎర్రగానో నీలంగానో వెలుగుతాయి. ఏప్రిల్, మే రాత్రుల్లో ఇది ఎక్కువ. అవి సెన్సరు మీద ఒకే చోట ఉంటాయి కనుక, చుక్కలు కలిసేలా ఫ్రేములు తిప్పినప్పుడు స్థానం మారి, విమానాల్లాగే మధ్యగతంలో కొట్టుకుపోతాయి. లెన్సుకు మూత పెట్టి అదే ఎక్స్‌పోజరుతో తీసిన చీకటి ఫ్రేమును తీసివేస్తే మిగిలినవీ పోతాయి.

మబ్బులు పరుగెత్తే రాత్రి మాత్రం ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. ఏ ఫ్రేమూ పక్కదాన్ని పోలదు. ఎదురుగా మనవైపే వచ్చే విమానం ఇంకో చిక్కు. అది మూడు నాలుగు ఫ్రేముల్లో ఒకేచోట వెలుగుముద్దగా నిలుస్తుంది కాబట్టి ఐదింటిలో నడిమి విలువా దానిదే అవుతుంది. అప్పుడు తొమ్మిది ఫ్రేములు తీసుకోవాలి, లేదా చేత్తో చేయాలి. ఫొటోషాప్‌లో పక్క ఫ్రేమును పై లేయరుగా పెట్టి, చుక్కలు కలిసేదాకా జరిపి, గీత ఉన్నంతమేర మాత్రమే మెత్తని అంచున్న బ్రష్షుతో తెరవాలి. ఒకే ఫ్రేములోంచి వేరేచోటి ముక్క తెచ్చి అతికించడం తేలికే. కానీ లేని చుక్క ఒకటి పుడుతుంది, వీడియో నడిచేటప్పుడు అది ఒక్క క్షణం మెరిసి పట్టిస్తుంది. కృత్రిమ మేధతో ఖాళీ నింపే పనిముట్లదీ ఇదే తప్పు. పాలపుంత మీద అవి అల్లే చుక్కలు ఏ పటంలోనూ ఉండవు. కొండను నింపడానికి వాటిని ఒప్పుకోవచ్చు, ఆకాశానికి ఒప్పుకోకూడదు.

ఫ్రేములన్నీ కలిపి చుక్కల వలయాలుగా చూపే చిత్రంలో లెక్క వేరు. అక్కడ ప్రతి పిక్సెలుకూ ఎక్కువ వెలుగున్న విలువే నిలుస్తుంది కాబట్టి ఒక్క విమానం చాలు, గీత శాశ్వతంగా పడుతుంది. ఆ ఒక్క ఫ్రేములో గీతను నల్లగా పూస్తే అది పోతుంది, కానీ అది దాటిన ప్రతి చుక్క వలయంలో సన్నని ఖాళీ మిగులుతుంది. నలుపు బదులు పక్క ఫ్రేములను సర్ది తీసిన మధ్యగతాన్ని పూస్తే ఆ ఖాళీ రాదు.

ఊళ్ల వెలుగు గీతల కోవలోకి రాదు. సాఫ్ట్‌వేరు ఆకాశపు వెలుగు ఏటవాలును అంచనాకట్టి తీసివేయగలదు, చిత్రం అంచెట్టి అడవిలో తీసినంత నల్లగా మారుతుంది కూడా. అది చేయదగ్గదేనా అన్నది వేరే ప్రశ్న. విమానం ఇరవై సెకన్ల చుట్టం. హోసూరు మీది పసుపు వెలుగు ఆ రాత్రి ఆకాశపు నిజస్థితి. దాన్ని కాస్త తగ్గించడం వరకు న్యాయం, పూర్తిగా తుడవడం చూసేవాళ్లకు అబద్ధం చెప్పడమే.

శుభ్రం చేసిన ఫ్రేములను ఒకసారి మామూలు వేగంతో, మరోసారి పావు వేగంతో నడిపి చూడాలి. విడిగా చూస్తే తెలియని అతుకులు కదలికలో మిణుకుమంటాయి. అసలు ఫ్రేములను మాత్రం చెరపకుండా దాచాలి. కృష్ణగిరికి తూర్పున, జవ్వాదు కొండల్లోని కావలూరు వేధశాలలో 1988 ఫిబ్రవరిలో ఆర్. రాజమోహన్ కనిపెట్టిన, తరువాత 4130 రామానుజన్‌గా పేరుపడిన గ్రహశకలం నక్షత్రాల మధ్య చోటు మారిన చిన్న మచ్చగానే దొరికింది. ఆకాశంలో చోటు మారేదంతా చెత్త కాదు, కానీ మధ్యగతానికి ఉల్కకూ విమానానికీ తేడా తెలియదు. నాలుగు వందల రా ఫ్రేములు పది, పన్నెండు గిగాబైట్లకు మించవు. తీసిన తేదీ, వేళ, చోటు రాసి వాటిని విడిగా ఒక డిస్కులో ఉంచితే సరిపోతుంది.