కథకుడి పక్కన ఆ ఇద్దరు

బుర్రకథ అనగానే నడుమ నిలిచి తంబురా మీటే కథకుడే గుర్తొస్తాడు. తలపాగా, దాని మీద తురాయి, పొడుగాటి అంగరఖా, నడికట్టు, కాళ్లకు గజ్జెలు, చేతి వేళ్లకు లోపల గుండ్లు గలగలలాడే బోలు అందెలు. చూసేవాళ్ల కళ్లన్నీ అతని మీదే. కథను జనంలోకి పట్టుకెళ్లే పనిలో సగం మాత్రం అటూ ఇటూ గుమ్మెట వాద్యాలతో నిలబడ్డ ఇద్దరు వంతలది.

ముందు కథకుడి సంగతి. పాట ఎత్తుకుని నాలుగడుగులు ముందుకు వేస్తాడు. చరణం ముగిసేసరికి చిందేస్తూ వెనక్కి వచ్చేస్తాడు. ఆ వెనకడుగే వంతలకు సైగ. గుమ్మెటలు మోగుతాయి, వంతపాట లేస్తుంది. వచనంలోకి దిగాడంటే కాళ్లు ఆగుతాయి. పక్కకు తిరిగితే పాత్ర, జనానికి ఎదురుగా తిరిగితే మళ్లీ కథకుడు. యుద్ధం వచ్చిందా, భుజాన ఉన్న తంబురాయే కత్తి. వేషం మార్చకుండా, తెర దించకుండా ఒక్క మనిషే పదిమంది కాగలగడం ఈ కదలికల చలవే. మైకులు లేని రోజుల్లో, ఊరి బయలులో, వెనక వరసలో ఉన్నవాడికి మాట సరిగా వినబడకపోయినా ఘట్టం మారిందని తెలిసిపోయేది.

ఇప్పుడు వంతల వైపు చూడండి. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. అల్లూరి సీతారామరాజు కథే తీసుకుందాం. 1922 ఆగస్టులో చింతపల్లి ఠాణా మీద దాడి ఘట్టం. కథకుడు గొంతు తగ్గించి, నడుం వంచి, అడుగులో అడుగు వేస్తాడు. అందెల చప్పుడు ఆగిపోతుంది. హాస్యం చెప్పే వంత మెడ ముందుకు చాచి, కళ్లు పెద్దవి చేసి, భయం నటిస్తాడు. రాజకీయం చెప్పే వంత ఛాతీ విరుచుకుని నిటారుగా నిలబడతాడు. జనంలో భయపడేవాడికి మొదటివాడు, ఆవేశపడేవాడికి రెండోవాడు తోడు దొరికినట్టే. ఒకడు అమాయకంగా సందేహం అడుగుతాడు, ఇంకొకడు దాన్ని ఇవాళ్టి సంగతులకు ముడిపెడతాడు. మధ్యమధ్య ‘ఆహా’, ‘భళా’ అంటూ ఊ కొడుతుంటారు. తమ వంతు లేనప్పుడు వాళ్ల చూపు కథకుడి మీదే ఉంటుంది. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఊపిరి బిగబట్టాలో సభ వాళ్ల ముఖాల్లోనే చదువుకుంటుంది.

జంగాలు ఊరూరా చెప్పుకొచ్చిన బుర్రకథకు 1940లలో ప్రజానాట్యమండలి అనే కళాకారుల సంస్థ కొత్త ఊపిరి పోసింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ (1920–1997) పాట, ఆట, నటన మూడూ కలిపి దాన్ని శిఖరానికి చేర్చారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ఆయన నోట విన్న తరం ఆ అడుగుల ఊపునూ చెప్పుకుంటుంది. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రేడియోలోనూ బుర్రకథ బాగానే పండింది గానీ, అక్కడ అందెలు, గుమ్మెటలు వినబడ్డాయి తప్ప వంతల ముఖాలు కనబడలేదు. తర్వాత వేదిక మీదికొచ్చిన నిలువు మైకు కథకుడి నాలుగడుగులనూ ఒకటి రెండుకు కుదించింది.

నేటి సభలు చూస్తే వంతల కళ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. వక్త గొంతు చించుకుంటుంటే వెనక కుర్చీల్లోని పెద్దలు ఫోన్లు చూసుకుంటారు, చెవులు కొరుక్కుంటారు, ఆవలిస్తారు. అదంతా జనానికి కనబడుతూనే ఉంటుంది. పక్కవాళ్లకే పట్టని మాట మనకెందుకనుకుని కదిలిపోతారు. చేతులు ఎలా తిప్పాలో, ఎటు చూడాలో వక్తలకు నేర్పే శిక్షణ తరగతులు బోలెడున్నాయి. వేదిక మీద కూర్చుని ఎలా వినాలో తెలియాలంటే మాత్రం ఒక పూట బుర్రకథకు వెళ్లి, కథకుణ్ణి వదిలేసి వంతలనే చూసి రావాలి.