ఆటకు ముందే తీరిన నాగరికత: 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'లో 'ద్రావిడులు' – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
చారిత్రక వ్యూహాత్మక వీడియోగేముల్లో ఆడేవారు మొదట చేయవలసిన పని ఒక నాగరికతను ఎంచుకోవడం. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'లోని 'ద్రావిడులు' అనే వర్గాన్ని వేంగీ–చోళ సంబంధాల చరిత్రతో పోల్చి, ఆ ఎంపికలో ఇమిడి ఉన్న చరిత్రభావనను ఈ వ్యాసం విమర్శిస్తుంది.

కీలకపదాలు: వీడియోగేమ్, నాగరికత, ద్రావిడులు, వేంగీ, కులోత్తుంగుడు.

1. ఉపోద్ఘాతం
ఎన్‌సెంబుల్ స్టూడియోస్ రూపొందించిన ఈ ఆటను మైక్రోసాఫ్ట్ 1999లో విడుదల చేసింది. అప్పటి 13 నాగరికతల్లో భారతదేశానికి చోటు లేదు. 2013లో 'ది ఫర్‌గాటెన్' అనే విస్తరణ 'భారతీయులు' అనే ఒకే వర్గాన్ని చేర్చింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' ఆ వర్గాన్ని 'హిందుస్థానీలు'గా మార్చి, ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులు అనే మరో మూడింటిని జోడించింది. ఉపఖండమంతటినీ ఒకే మూసలో పోయడం కంటే ఇది నిస్సందేహంగా మెరుగు. అయితే ఈ విభజనకు ప్రాతిపదిక ఏమిటన్నది పరిశీలించదగినది.

2. పేరు – రూపం
'ద్రావిడ' శబ్దం ప్రాచీనమే. భాషాకుటుంబానికి పేరుగా అది స్థిరపడింది మాత్రం 1856లో వెలువడిన కాల్డ్వెల్ తులనాత్మక వ్యాకరణంతోనే. మధ్యయుగాల్లో ఏ రాజూ ఒక భాషాకుటుంబం పేరిట రాజ్యమేలలేదు. ఆటలో ఈ వర్గపు సైనికులు తమిళం పలుకుతారు. వీరి అద్భుత కట్టడం తంజావూరు బృహదీశ్వరాలయం, కథానాయకుడు రాజేంద్ర చోళుడు. అంటే పేరు భాషాకుటుంబానిది, రూపం చోళులది. తెలుగు, కన్నడ, మలయాళ సీమలు పేరులో చేరి, రూపంలో దాదాపు అదృశ్యమయ్యాయి.

ఒక చోట మాత్రం ఆ జాడ మిగిలింది. 'వూట్జ్ స్టీల్' అనే పరిజ్ఞానం సాధిస్తే ఈ వర్గపు పదాతి, అశ్విక దళాల దెబ్బకు శత్రువు కవచం అడ్డురాదు. 'వూట్జ్' అన్న మాట 'ఉక్కు' నుంచే పుట్టిందన్నది ప్రసిద్ధమైన అభిప్రాయం. ఆ ఉక్కు తయారీకి పేరొందిన కేంద్రాల్లో నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఒకటి. పనితనం ఆటలోకి వచ్చింది, ఊరు రాలేదు.

3. ఎంపిక స్వభావం
ఆటలో ఆరితేరినవారు పేరు కంటే ప్రయోజనాలను చూసి ఎంచుకుంటారు. విస్తరణ విడుదలైననాటి నియమాల్లో ద్రావిడులకు యుగం మారినప్పుడల్లా 200 కలప లభిస్తుంది. పదాతిదళాన్ని మెరుగుపరచే పరిజ్ఞానాలు సగం ఖర్చుకే వస్తాయి. నౌకాబలం ఎక్కువ, అశ్వబలం తక్కువ. ఎంపికను యంత్రానికే వదిలేయవచ్చు కూడా. కనుక ఇది ఆటే కాని చరిత్రపాఠం కాదన్న సమాధానం వినిపిస్తుంది.

ఆ సమాధానం సగమే సరైనది. గుర్రాల కొరత చరిత్రలో వాణిజ్యానికీ భూగోళానికీ సంబంధించిన పరిస్థితి. ఆటలో అది జన్మలక్షణం. మతాచార్యుడు శత్రుసైనికుణ్ని తన పక్షానికి తిప్పుకోగలడు. ఆడేవారి నాగరికతను మాత్రం ఏ శక్తీ మార్చలేదు.

4. వేంగీ సాక్ష్యం
వేంగీ చాళుక్యుడు రాజరాజనరేంద్రుడు రాజరాజచోళునికి దౌహిత్రుడు, రాజేంద్ర చోళునికి అల్లుడు. నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకున్నది ఈ రాజు కొలువులోనే. చోళులూ కల్యాణి చాళుక్యులూ పట్టుకోసం పెనుగులాడిన సీమ వేంగీ. రాజరాజనరేంద్రుని కుమారుడే 1070లో చోళసింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. తండ్రి వైపు చాళుక్యుడు, తల్లి వైపు చోళుడు, పాలనలో ఉభయుడు. ఆట తొలి తెరపై అతడు ఏ పేరు ఎంచుకోవాలి?

'తెలుగువారు' అనే కొత్త వర్గాన్ని చేర్చినా ఈ ప్రశ్న తీరదు. ఓరుగల్లు కోట, మోటుపల్లి రేవు జాబితాకెక్కుతాయి. అది న్యాయమే. కాని కులోత్తుంగుడికి అప్పుడూ చోటుండదు.

5. ముగింపు
2025లో విడుదలైననాటి 'సివిలైజేషన్ 7' నియమాల్లో యుగం మారినప్పుడు ఆడేవారి నాగరికత కూడా మారేది. అది ఒక ముందడుగు. అయినా అక్కడ ఉన్నది ఒకటి విడిచి మరొకటి తొడుక్కోవడమే. ఏకకాలంలో రెండింటికీ చెందే వీలు లేదు. వియ్యాలూ, యుద్ధాలూ, వాణిజ్యమూ, అనువాదాలూ కలిసి నాగరికతను రూపొందిస్తాయి. ఆ క్రమమంతా ముగిశాక మిగిలిన ఫలితాన్ని ఈ ఆటలు ఆరంభంలోనే చేతికిస్తున్నాయి. ఎవరి పేరు లేదన్న ప్రశ్నతో పాటు, పేరును ఎప్పుడు ఖాయం చేశారన్న ప్రశ్ననూ వీడియోగేమ్ విమర్శ అడగవలసి ఉంది.