పడుకున్న మనిషిని కొలతగా తీసుకున్న ఆసుపత్రి

ఫిన్లాండ్‌లోని తుర్కు నగరానికి చేరువలో, పైన్ చెట్ల అడవి నడుమ 1933లో పూర్తయిన పైమియో శానటోరియాన్ని క్షయరోగుల కోసం నిర్మించారు. శానటోరియం అంటే రోగిని నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి ఉంచుకుని విశ్రాంతి, ఎండ, గాలి, మంచి తిండి సమకూర్చే ఆసుపత్రి. స్ట్రెప్టోమైసిన్ ఇంకా కనిపెట్టని ఆ కాలంలో క్షయకు నమ్మదగిన మందు లేకపోవడంతో, కట్టడమే చికిత్సలో భాగమైంది. ఈ భవనానికి రూపకల్పన చేసిన ఆల్వార్ ఆల్టో (1898–1976), ఆయన సహధర్మచారిణి, స్వయంగా వాస్తుశిల్పి అయిన ఐనో ఆల్టో, గదిని నిలబడి తిరిగే మనిషి కోసం కాక రోజంతా మంచం మీద ఉండే మనిషి కోసం ఊహించడమే దాని ప్రత్యేకత.

పడుకున్నవారికి గోడలకన్నా లోకప్పే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, అలవాటుగా తెల్లసున్నం వేసి వదిలేసే ఆ భాగానికి కంటిని అలసిపోనివ్వని ముదురు రంగు వేయించి, దీపాన్ని రోగి చూపుకు నేరుగా తగలని చోట అమర్చారు. వెచ్చదనాన్ని కిందికి ప్రసరింపజేసే పలకలను కూడా లోకప్పులోనే, తలకు వేడి తగలకుండా కాళ్లవైపు ఉండేలా బిగించారు. కిటికీలకు రెండు వరుసల అద్దాలు ఉండడం వల్ల బయటి చలిగాలి వాటి మధ్య ఏటవాలుగా సాగి, కొంత వేడెక్కాకే మంచం దగ్గరికి చేరేది. ఇద్దరుండే గదిలో ఒకరు చేతులు కడుక్కుంటే రెండోవారికి నిద్రాభంగం కాకూడదని, నీటి ధార చప్పుడు చేయకుండా వాలుగా జారేలా వాష్‌బేసిన్‌ను మలిచారు. విశ్రాంతే మందైన చోట ఈ శ్రద్ధను చాదస్తమనలేము. పల్చటి బర్చ్ చెక్కను వంచి చేసిన పైమియో కుర్చీ వీపుభాగాన్ని సైతం ఊపిరి సులువుగా ఆడే కోణంలో నిలిపారు.

అయితే ఈ గదులే రోగం నయం చేశాయనడం అతిశయోక్తి. తెలుగునాట మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం కూడా విశ్రాంతి, ఎండ, గాలి, మంచి తిండే క్షయకు చికిత్స అనే ఇదే వైద్యవిశ్వాసంతో వెలసినది. కాగా 1956లో మద్రాసులో మొదలైన ఒక అధ్యయనం, మందులు సక్రమంగా వాడితే ఇరుకిళ్లలో చాలీచాలని తిండితో ఉన్నవారు కూడా శానటోరియంలోని వారితో దాదాపు సమానంగా కోలుకున్నారని తేల్చి, ఆ విశ్వాసానికున్న పునాదినే కదిలించింది. కాలక్రమంలో పైమియో సైతం సాధారణ ఆసుపత్రిగా మారింది. కాబట్టి ఆల్టో దంపతుల కృషిని స్వస్థత లెక్కలతో కాక, కదలలేని మనిషి గంటలను ఎంత సహించదగినవిగా చేసిందన్న దానితో కొలవడమే న్యాయం. విచిత్రమేమిటంటే, ఖరీదైన ఆ కుర్చీ ప్రపంచమంతటా ప్రదర్శనశాలలకు చేరగా, ఒక డబ్బా రంగుతో ఎవరైనా అనుకరించగల ఆ లోకప్పును ఆసుపత్రులు అంతగా పట్టించుకోలేదు. రోగి కళ్లలోకి నేరుగా కొట్టే ట్యూబ్‌లైట్లు నేటికీ మన వార్డుల్లో కనిపిస్తూనే ఉన్నాయి.