వస్తామన్నవాళ్లు, రానివాళ్లు

2023లో స్టాన్‌ఫర్డ్, గూగుల్ పరిశోధకులు కంప్యూటర్‌లో స్మాల్‌విల్ అనే ఊరు కట్టి, అందులో 25 మంది కృత్రిమ మనుషుల చేత కాపురం పెట్టించారు. కేఫ్ నడిపే ఇసబెల్లా బుర్రలో ఒకటే ఆలోచన వేశారు: ఫిబ్రవరి 14న పార్టీ ఇవ్వాలని. తర్వాతి కథ వాళ్లదే. 12 మందికి పిలుపు అందింది, వచ్చింది ఐదుగురు. రానివాళ్లలో ముగ్గురు వేరే పనులున్నాయన్నారు. వాళ్లలో ఒక చిత్రకారుడు తన ప్రదర్శన పనిలో మునిగి ఉన్నాడట. తక్కిన నలుగురూ కదిపితే రావాలని సరదాగానే ఉందన్నారు, తీరా ఆ వేళకు పత్తా లేరు.

గేముల్లో చిన్నాచితకా పాత్రల నడవడి రాయడం నా వృత్తి. ఆ పరిశోధనలో నా మనసు దోచింది ఈ నలుగురే. శుభలేఖ కళ్లకద్దుకుని, ‘తప్పకుండా వస్తామండీ’ అని, పెళ్లినాడు కనబడని బంధువులు వీళ్లు.

అదే ఊళ్లో మర్యాద మాత్రం వెగటు పుట్టిస్తుంది. భార్య కట్టుకున్న మొగుణ్ని కొత్త మనిషిలా పలకరిస్తుంది. పార్టీలో షేక్‌స్పియర్ చదువుదామని ఎవరో అంటే, ఇష్టం లేకపోయినా ఇసబెల్లా సాధారణంగా కాదనదు. ఇంకో పక్క, ఒక్కరే వాడే బాత్రూములోకి లోపల మనిషి ఉండగానే మరొకరు నడిచి వెళ్లిపోతారు. మనం ఎవరూ చెప్పకుండా నేర్చుకునేవన్నీ వాళ్లకు విడమరిచి రాయాల్సిందే.

2000లో వచ్చిన ‘ద సిమ్స్’ గేమ్, ఆ నలుగురిలో కనిపించే నిలకడలేనితనపు కిటుకును ఎప్పుడో పట్టుకుంది. అందులో పాత్ర ప్రతిసారీ అన్నిటికన్నా మేలైన పనే ఎంచుకోదు. ఎక్కువ మార్కులొచ్చిన కొన్నింటిలో ఏదో ఒకటి చేస్తుంది. అందుకే మనిషిలా ఉంటుంది.

నేను రాస్తున్న టీకొట్టు ఆవిడకు తెలివి తక్కువే. పలకరిస్తే చేతిలో గ్లాసు కడగడం అయ్యాకే తలెత్తుతుంది. అడిగిందే మళ్లీ అడిగితే పక్కవాడికి చిల్లర లెక్కపెడుతూ ముక్తసరిగా జవాబిస్తుంది. ఆటగాడి బాకీ గుర్తుంటుంది గానీ, నలుగురిలో అడగదు. కొట్టు ఖాళీ అయ్యేదాకా ఆగుతుంది. నా దృష్టిలో ఆవిడ వ్యక్తిత్వమంతా ఆ ఆగడంలోనే ఉంది.

టెస్టర్లు దాన్ని బగ్ అని రాసి పంపారు. బాకీ గురించి ఒక్కోసారి అడుగుతోందట, ఒక్కోసారి మరిచిపోతోందట. ‘సరిచేయనక్కర్లేదు’ అని రాసి తిప్పి పంపాను.