రస్కిన్ కిటికీ, ముంపు దర్వాజా

ఇంగ్లండులో పాత ఇళ్ల శాష్ కిటికీలు ఎట్లా బాగుచేస్తారో ఈమధ్య తెగ చదువుతున్నాను. పోచంపాడ్ మనిషికి ఇదేం పిచ్చి అనుకోవచ్చు. కానీ ఆ కిటికీ భలే యంత్రం. రెండు అద్దాల చట్రాలు ఒకదాని ముందొకటి పైకీ కిందికీ జారతాయి. చట్రానికి కట్టిన తాడు కప్పీ మీదుగా వెళ్లి, పక్కన చెక్క గూట్లో దాగిన ఇనుప గుండును మోస్తుంది. రెండు వైపులా బరువు సరితూగితే చట్రం ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. ముందుగా పాడయ్యేవి తాడూ, వాననీళ్లు నిలిచే అడుగు చెక్కా. పుచ్చినంత మేర కోసి, కొత్త కర్ర అతికి, అవిసె నూనె లప్పంతో అద్దం బిగిస్తే ఇంకో తరం నడుస్తుంది.

ఈ మరమ్మతు నీతి వెనక ఓ పుస్తకం ఉంది. 1849లో జాన్ రస్కిన్ ‘ద సెవెన్ లాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్’లో, పునరుద్ధరణ అనేదే అబద్ధమన్నాడు. చచ్చినవాణ్ణి లేపలేం, కట్టడాన్నీ లేపలేం. ఉన్నప్పుడే కనిపెట్టుకుని ఉంటే ఆ అవసరం రాదు అని వాదన. 1877లో విలియం మోరిస్ పాత భవనాల రక్షణకు సంఘమే పెట్టాడు. ఆ సంప్రదాయంలో అతుకు దాచకూడదు. తాళపత్రం చివికిన చోట తన పాదం రాసి, కవి ఖాతాలో వేయని పరిష్కర్త గుర్తొస్తాడు నాకు. ఇంతవరకు రస్కిన్‌తో పేచీ లేదు.

ఇల్లు తరతరాలు నిలవాలి, తండ్రి ఇంటిని పిల్లలు గౌరవించాలి అంటాడు చూడండి, పేచీ అక్కడ. ఆ అధ్యాయం మొత్తం ఇంటి కింద నేల ఎక్కడికీ పోదన్న భరోసా మీద నిలబడింది. మా దగ్గర 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు కింద ఊళ్లే మునిగాయి. జనం దూలాలు, దర్వాజాలు, కిటికీలు ఊడదీసి బండ్లకెత్తుకున్నారు. అందుకే మా వైపు కొన్ని ఇళ్లలో ఇంటికన్నా దర్వాజా వయసు ఎక్కువ. సిమెంటు గోడలో టేకు చౌకట్టు, సరిపోని చోట ఇటుక ముక్కలు. రస్కిన్ దీన్ని ఏమనేవాడో గానీ, ఇంతకన్నా నిజాయితీ గల అతుకు నేను చూడలేదు. హైదరాబాదు కెఫేల్లో గోడకు మేకులు కొట్టి తగిలించే పాత కిటికీలను మాత్రం ఈ లెక్కలో కలపను. అవి తెరుచుకోవు కూడా.

ఇంకో సంగతి. రోజూ కనిపెట్టుకుని ఉండాల్సింది ఎవరు? 1937లో పుట్టిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. శక్కర్‌నగర్ క్వార్టర్‌లో లప్పం రాలితే చూసేవాడికి ముందు జీతం రావాలి కదా. ‘లాంప్స్’లో దీనికి జవాబు దొరకదు. రస్కినే 1860లో రాసిన ‘అన్‌టు దిస్ లాస్ట్’లో కూలి గురించీ, పని భద్రత గురించీ మాట్లాడాడు, 1904లో గాంధీని రైల్లో నిద్రపోనివ్వని పుస్తకం అదే. మనవాళ్లు దాన్ని సర్వోదయం కింద, ‘లాంప్స్’ను ఆర్కిటెక్చర్ కింద వేరే అరల్లో పెట్టేశారు. నేనైతే మొదట కూలి పుస్తకం చదివి, తర్వాతే కిటికీ పుస్తకం తెరవమంటాను.